కళాకేంద్రానికి కొత్త గదులు: ముగ్గు పోసేముందు తేల్చుకోవాల్సిన లెక్కలు

ఊళ్లో కళాసమితికి పాత హాలు ఒకటుంది. పక్కన 600 గజాల ఖాళీ జాగా ఉంది. విరాళాలు కూడా కొంత పోగయ్యాయి. ఇలాంటప్పుడు కమిటీ మీటింగులో మొదట వినబడే మాట ఒకటే: "వెయ్యి సీట్ల ఆడిటోరియం కట్టేద్దాం." ఆ వెయ్యి సీట్లు ఏడాదికి ఎన్నిసార్లు నిండుతాయో వేళ్లమీద లెక్కేయండి. నాటక పోటీల మూడు రోజులు, ఏదో ఒక ఆరాధనోత్సవం, ఒక స్కూలు వార్షికోత్సవం. మిగతా రోజులన్నీ తాళమే. తాళం వేసిన హాలుకు కూడా కరెంటు ఫిక్స్‌డ్ చార్జీలు కట్టాలి, పావురాల రెట్ట కడగాలి, చెద చూసుకోవాలి. రోజూ సాయంత్రం పిల్లలు వచ్చే గదులు కట్టుకుని, ఏడాదికోసారి కావాల్సిన పెద్ద వేదికను అద్దెకు తీసుకోవడమే చిన్న ఊళ్లకు గిట్టుబాటు. కింద చెప్పేది పాత హాలును బాగుచేసుకుని, పక్కన రెండంతస్తుల కొత్త బ్లాకు కట్టుకునే పద్ధతి.

ముందు ఒక రిజిస్టరు పెట్టండి

ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్లేముందు నాలుగు వారాలు రిజిస్టరు రాయించండి. ఏ క్లాసు, ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా, ఎంతమంది, ఏ వయసువాళ్లు, ఏ సామాను అని గళ్లు గీయండి. చోటు లేక వెనక్కి పంపినవాళ్లను వేరే గడిలో రాయాలి. అసలు గిరాకీ ఆ గడిలోనే తెలుస్తుంది.

రాసి చూస్తే రద్దీ అంతా సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిది మధ్య, ఆదివారం పొద్దున కనబడుతుంది. కూచిపూడి, మృదంగం, గాత్రం మూడూ అదే వేళకు కావాలి. ఒక పెద్ద గది కట్టి వంతులు వేస్తే ఎవరికీ చాలదు, మూడు మధ్యరకం గదులైతే అందరికీ సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వేసవి శిక్షణ శిబిరాలకు సంఖ్య రెట్టింపవుతుంది కాబట్టి ఆ నెలల లెక్క పాత రసీదు పుస్తకాల నుంచి తీసి పక్కన పెట్టుకోండి. మార్చిలో పరీక్షల వల్ల పడిపోయే హాజరు చూసి కంగారు పడొద్దు.

ఏ గది ఎంత

600 గజాలంటే 5,400 చదరపు అడుగులు. చుట్టూ వదలాల్సిన ఖాళీ, బండ్లు పెట్టుకునే చోటు పోగా కట్టడానికి 2,800 దాకా మిగులుతుందనుకుందాం. మీ మున్సిపాలిటీ నిబంధన ప్రకారం ఈ అంకె మారుతుంది, కాబట్టి టౌన్ ప్లానింగ్ విభాగంలో ముందే అడగండి. జనం గుమిగూడే భవనమని స్పష్టంగా చెప్పండి. ఇల్లనో ఆఫీసనో ప్లాను పాస్ చేయించుకుంటే తర్వాత ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం) దగ్గర ఇరుక్కుంటారు.

నాట్యానికి చేయి చాచి తిరగాలంటే పెద్దవాళ్లకు తలకు 45 చదరపు అడుగులు, పిల్లలకు 30 కావాలి. 30 × 40 అడుగుల హాలులో పెద్దవాళ్లు 26 మంది, పిల్లలు 40 మంది పడతారు. చిత్రలేఖనానికి నేలమీద కూర్చుంటే 20, ఈజిల్ (బొమ్మ నిలబెట్టే చట్రం) పెడితే 35. మృదంగానికో, వీణకో ఎనిమిది మంది కూర్చునే గది 12 × 15 చాలు.

నాట్యం హాలు కింది అంతస్తులోనే ఉండాలి. పైన పెడితే నలభై మంది పిల్లల తట్టడుగుల చప్పుడు కింద కూర్చున్నవాళ్ల నెత్తిన పడుతుంది, ఏ ఫాల్స్ సీలింగూ దాన్ని ఆపలేదు. దాని పక్కన గ్రీన్‌రూము, సామాను గది, మరుగుదొడ్లు వేయండి. పైన చిత్రలేఖనం, రెండు సంగీతం గదులు, ఆఫీసు. మృదంగం గదికీ గాత్రం గదికీ ఒకే గోడ వద్దు. మధ్యలో బీరువాల గదో, నడవో రావాలి. గోడలు 9 అంగుళాల ఇటుకవే కట్టించండి, నాలుగున్నర అంగుళాల గోడ మృదంగం ముందు అట్టముక్కతో సమానం. గోడ ఎంత మందమైనా తలుపు కింద అర అంగుళం సందుంటే మొత్తం దండగ. తలుపుకు గడప పెట్టి, చుట్టూ రబ్బరు పట్టీ వేయించండి. చక్రాల కుర్చీ వెళ్లే తలుపైతే గడప బదులు కిందికి దిగే రబ్బరు పట్టీ వాడండి.

నాట్యం హాలుకు నడుమ స్తంభం ఉండకూడదు. 30 అడుగుల దూలమంటే లోతు రెండున్నర అడుగుల దాకా వస్తుంది. దూలం కింద 12 అడుగులు మిగలాలంటే నేల నుంచి శ్లాబు పైకి 15 అడుగులు పెట్టాలి. చాలామంది మామూలు ఇంటి లెక్కన 11 అడుగులకు శ్లాబు వేసేసి, తర్వాత ఫ్యాన్లు ఎక్కడ పెట్టాలో తెలియక తల పట్టుకుంటారు. ఈ దూలం లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరుది, మేస్త్రీ అనుభవానికి వదిలేసేది కాదు.

ప్లాను చేతికి రాగానే సంతకం పెట్టొద్దు. ఖాళీ జాగాలో అసలు కొలతలకు ముగ్గు పోయించండి. గోడల చోట గీత, తలుపుల చోట ఖాళీ. టీచర్లను, నాటకం వాళ్లను, మైకుసెట్టు అతన్ని పిలిచి ఆ గీతల మధ్య నడిపించండి. ఇద్దరు మనుషులు 8 అడుగుల సెట్టింగు పలకను పట్టుకుని సామాను గది నుంచి స్టేజీ దాకా రావాలి. మలుపులో పలక తిరగకపోతే అప్పుడే తెలిసిపోతుంది. కాగితం మీద ఈ తప్పు ఎవరికీ కనబడదు.

నాట్యం నేల

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. గ్రానైటో, విట్రిఫైడ్ టైల్సో వేసి "తళతళలాడుతోంది" అని మురిసిపోతారు. వట్టి కాళ్లతో ఏళ్ల తరబడి దాని మీద తడితే ఆ దెబ్బంతా మడమకు, మోకాలికి, నడుముకు తిరిగి తగులుతుంది. కాంక్రీటు మీద పరిచిన వినైల్ షీటు కూడా అంతే, రంగు మారుతుంది గానీ గట్టిదనం మారదు. కావాల్సింది కొద్దిగా లోపలికి దిగి పైకి లేచే చెక్క నేల.

కట్టే వరుస ఇది. కాంక్రీటు పోశాక కనీసం నెల ఆరనివ్వండి. తడి ఉందో లేదో చూడటానికి రెండడుగుల పాలిథీన్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. లోపల చెమ్మ పట్టిందంటే ఇంకా ఆగాలి. చెద మందు పునాది దశలోనే కొట్టించాలి, చెక్క వేశాక గుర్తొస్తే లాభం లేదు. కాంక్రీటు మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు, అతుకుల దగ్గర అడుగు మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరచండి. దానిమీద 12 మిల్లీమీటర్ల రబ్బరు ముక్కలు, వాటిమీద 2 × 3 అంగుళాల చెక్క దుంగలు 16 అంగుళాలకు ఒకటి. పైన 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ రెండు పొరలు. ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకోండి. రెండో పొర అతుకులు మొదటి పొర అతుకుల మీద పడకూడదు.

30 × 40 హాలుకు సామాను లెక్క:

- ప్లైవుడ్ 8 × 4 షీట్లు: పొరకు 37.5, రెండు పొరలకు 75, తరుగుతో కలిపి 83
- దుంగలు: 24 వరుసలు, ఒక్కోటి 40 అడుగులు, మొత్తం 960 అడుగులు
- రబ్బరు ముక్కలు: వరుసకు 31 చొప్పున 744, విరిగేవాటితో కలిపి 760

షీటుకూ షీటుకూ మధ్య 3 మిల్లీమీటర్లు, గోడ దగ్గర చుట్టూ అర అంగుళం వదలండి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది. చోటు లేకపోతే నడుమ నేల బుడగలా లేస్తుంది. గోడ దగ్గరి సందును కప్పే పట్టీని గోడకే బిగించాలి, నేలకు కొట్టారంటే సందు వదిలిన ప్రయోజనం పోయినట్టే. పట్టీలో అక్కడక్కడ గాలి కన్నాలు పెట్టించండి.

పై పొరను జిగురుతో అంటించొద్దు. 8 అంగుళాలకో స్క్రూ చొప్పున బిగించి, తలలు 3 మిల్లీమీటర్లు లోపలికి దింపి లప్పం పెట్టించాలి. వట్టి కాలికి తగిలే ఒక్క స్క్రూ తల చాలు, క్లాసు ఆగిపోవడానికి. జిగురు ఎందుకు వద్దంటే, పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగం చేసేటప్పుడు ఆ ఇత్తడి అంచు నేలను కోస్తుంది. కాళ్లతో నేలమీద సింహం బొమ్మ గీసే సింహనందిని లాంటి అంశాల్లో రంగుపొడి వాడతారు, అది పాలిష్ పోయిన చోట ఇంకిపోతుంది. అయిదారేళ్లకు ఆ నడుమ షీట్లు నాలుగు ఊడదీసి కొత్తవి వేసుకునేలా ఉండాలి.

పైపూత మ్యాట్ పీయూ (మెరవని పాలీయురేథేన్ పాలిష్) మాత్రమే. మెరిసే పాలిష్ మీద చెమటకాలు జారుతుంది. ఫినాయిల్ నీళ్లు బకెట్టుతో పోసి తుడిచే అలవాటును మొదటి రోజే మాన్పించండి. గట్టిగా పిండిన గుడ్డ చాలు. చెప్పుల స్టాండు గుమ్మం బయట, గుమ్మంలో కొబ్బరిపీచు పట్టా.

మొత్తం సామాను కొనేముందు నాలుగు షీట్లతో 8 × 8 అడుగుల నమూనా ముక్క కట్టించి, వారం రోజులు టీచర్ల చేత దానిమీద అడవులు (నాట్యంలో మొదట నేర్పే అడుగులు) చేయించండి. మరీ ఎగిరిపడుతోందంటే రబ్బరు మెత్తనిది, గట్టిగా ఉందంటే దుంగలు నేలకు ఆనుతున్నాయి. ఇదంతా అయ్యాక కూడా కాంట్రాక్టరు "దుంగలు కాంక్రీటుకు బోల్టు వేసేస్తే కదలకుండా ఉంటాయి సార్" అంటాడు. కదలడం కోసమే ఇంత ఖర్చు పెడుతున్నామని అతనికి చెప్పి ఒప్పించే పని మీదే.

అద్దాలు ఒకే పొడుగు గోడకు, కిటికీలకు ఎదురుగా కాకుండా పెట్టించండి. వాన కొట్టే బయటి గోడకు పెడితే వెనక పూత నల్లబడుతుంది. అద్దానికి తెర తప్పనిసరి, అభినయం నేర్పేటప్పుడు పిల్లలు అద్దంలోకి చూస్తూ ఉండిపోతారు.

పాత హాలులో మాట వినబడాలంటే

పాత హాళ్ల మీద ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: మైకు పెంచిన కొద్దీ మాట అర్థం కాదు. దీనికి ఇంకో రెండు బాక్సులు కొనడం మందు కాదు. గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దం తగ్గించాలి. లెక్క సులువే: హాలు ఘనపు మీటర్లను 0.161తో గుణించి, హాలులోని వస్తువులన్నీ కలిసి శబ్దాన్ని పీల్చే విలువతో భాగిస్తే, శబ్దం చల్లారడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వస్తుంది. నాటకానికి 1 సెకను దగ్గర ఉండాలి. కర్ణాటక కచేరీకి 1.3 అయినా ఇంపుగానే ఉంటుంది.

స్టేజీతో కలిపి 15 × 12 మీటర్లు, ఎత్తు 5 మీటర్లు ఉన్న హాలు తీసుకోండి. ఘనపరిమాణం 900. సున్నం గోడలు, బండల నేల, శ్లాబు అన్నీ కలిపి 630 చదరపు మీటర్లు. సగటున 4 శాతం పీలిస్తే 25. ఖాళీ హాలులో 5.8 సెకన్లు, అంటే గుళ్లో గంట కొట్టినట్టే. 150 మంది కూర్చుంటే మనుషులే 67 పీలుస్తారు, 1.6 సెకన్లకు దిగుతుంది. ఒక సెకను కావాలంటే మొత్తం 145 రావాలి. తక్కువ పడ్డ 53 కోసం 80 శాతం పీల్చే పలకలు 66 చదరపు మీటర్లు, సుమారు 710 చదరపు అడుగులు వేయాలి. 4 × 2 అడుగుల పలకలైతే 90.

పలక ఊళ్లోనే చేయించుకోవచ్చు. 2 అంగుళాల లోతు చెక్క ఫ్రేము, అందులో ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న గ్లాస్‌వూల్, పైన పలచటి టిష్యూ, దానిమీద బట్ట. బట్ట కొనేముందు నోటికి దగ్గరగా పెట్టి ఊదండి. గాలి అవతలికి వస్తే శబ్దమూ లోపలికి వెళ్తుంది. రెక్సిన్ వేస్తే గాలి ఆగిపోతుంది, పలక వట్టి అలంకారం అయిపోతుంది. థర్మాకోల్, గుడ్ల అట్టలు అసలే వద్దు: శబ్దాన్ని పెద్దగా పీల్చవు గానీ నిప్పును మాత్రం వెంటనే అందుకుంటాయి.

మొదట వెనక గోడ నింపండి, తర్వాత పక్క గోడలు 3 నుంచి 10 అడుగుల ఎత్తు మధ్య. స్టేజీకి దగ్గరి పక్క గోడల మొదటి పదడుగులు గట్టిగానే వదిలేయండి, మైకు లేని గొంతును వెనక వరసలకు మోసేది అవే. రేకుల కప్పు అయితే ఈ ఖర్చుకు ముందు కప్పు సంగతి చూడాలి. జూలై వానలో రేకు కింద ఏ నాటకమూ వినబడదు. రేకు కింద గ్లాస్‌వూల్ పరచి జిప్సం బోర్డు కట్టడమో, రేకులు తీసి పఫ్ ప్యానెళ్లు (నడుమ నురుగు నింపిన రేకు పలకలు) వేయడమో చేయాలి. ఆ పనితో వేసవి వేడి కూడా తగ్గుతుంది.

స్టేజీ, లైట్లు

స్టేజీ ఎత్తు 3 అడుగులు, ఎక్కువలో ఎక్కువ మూడున్నర. అంతకు మించితే ముందు వరసకు నర్తకి పాదాలు కనబడవు. కూచిపూడి చూడటానికొచ్చి పాదాలు కనబడకపోతే ఇంకేం మిగిలింది? ముందుభాగం వెడల్పు 26 అడుగులు, లోతు 20, రెండు పక్కలా వింగ్స్‌కు (నటులు చాటుగా నిలబడే చోటు) చెరో 6 అడుగులు. స్టేజీ నేలకు మ్యాట్ నలుపు ప్లైవుడ్ చాలు, నాటకం వాళ్లు సెట్టింగుకు మేకులు కొట్టకుండా ఉండరు. పెద్ద ఖరీదు నేల నాట్యం హాలుకే ఉంచండి. తోలుబొమ్మలాట కూడా పెట్టే ఉద్దేశముంటే తెర వెనక పది అడుగులు ఖాళీగా ఉండాలి. ఆంధ్ర బొమ్మలు మనిషెత్తుకు దగ్గరగా ఉంటాయి, ఆడించేవాళ్లు తెర వెనక నిలబడి అటూ ఇటూ నడుస్తారు.

ముందు లైట్ల పైపు ఎక్కడ వేలాడదీయాలో చాలామందికి అంతుపట్టదు. ముఖం మీద 45 డిగ్రీల వాలులో వెలుగు పడాలి. పైపు స్టేజీ నేలకు 12 అడుగుల ఎత్తులో ఉంటే, ముఖం 5 అడుగుల దగ్గర ఉంటుంది, తేడా 7. కాబట్టి నటుడు నిలబడే గీతకు 7 అడుగుల ముందు పైపు కట్టాలి. సరిగ్గా నెత్తిమీద కడితే కళ్లు గుంటల్లా నల్లగా కనబడతాయి. పైపు ఒకటిన్నర అంగుళాల బి క్లాస్ జీఐ తీసుకోండి, బయటి కొలత 48 మిల్లీమీటర్లు వస్తుంది, స్టేజీ లైట్ల క్లాంపులు దానికే సరిపోతాయి. ప్రతి లైటుకూ క్లాంపుతో పాటు సేఫ్టీ వైరు ఉండాలి.

తెర వెనక

గ్రీన్‌రూములు రెండు, ఒక్కోదానికి సొంత మరుగుదొడ్డి. అద్దం ముందు మనిషికి రెండున్నర అడుగులు. లైట్లు అద్దం పైన కాదు, రెండు పక్కలా. గోడ నిండా కొక్కేలు. స్టేజీ ఒక వింగు నుంచి ఇంకో వింగుకు వెనక తెర వెనకగా పోయే దారి మూడడుగులు ఉండాలి. అది లేకపోతే కృష్ణుడు కిరీటంతో సహా బయట చుట్టు తిరిగి రావాలి.

సామాను గది మొత్తం కట్టడంలో అయిదో వంతన్నా లేకపోతే రెండేళ్లలో మెట్ల కింద, ర్యాంపు మీద, ఎగ్జిట్ తలుపు ముందు సామాను పేరుకుపోతుంది. దాని తలుపు 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. బయట డీసీఎం వెనక్కి వచ్చి ఆనేలా జాగా వదలండి.

జనం

మరుగుదొడ్ల లెక్క ఇంటర్వెల్‌ను బట్టి వేయాలి. 150 మందిలో 75 మంది ఆడవాళ్లు, మూడో వంతు లేస్తే 25 మంది. మనిషికి రెండు నిమిషాలు, పది నిమిషాల ఇంటర్వెల్‌లో ఒక దొడ్డి అయిదుగురికి సరిపోతుంది. అంటే ఆడవాళ్లకు 5 కావాలి. మగవాళ్లకు 2 దొడ్లు, 4 యూరినల్స్. చక్రాల కుర్చీకి ఒకటి వేరుగా, లోపల కుర్చీ తిరగడానికి 5 అడుగుల ఖాళీ, తలుపు 3 అడుగులు, బయటికి తెరుచుకునేది. "ఇద్దరికీ చెరో మూడు" అని సమానంగా పంచే ప్లానే ఆడవాళ్ల క్యూకు కారణం.

ర్యాంపు వాలు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. రెండడుగుల అరుగుకు 24 అడుగులు కావాలి, గుమ్మం దగ్గర మిగిలిన ఆరడుగుల్లో ఇరికించేది ర్యాంపు కాదు, జారుడుబల్ల. స్టేజీ మీదికి కూడా ఒక ర్యాంపు ఆలోచించండి, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు ప్రేక్షకులే అయి ఉండాలని లేదు.

హాలుకు ఎదురెదురుగా రెండు ఎగ్జిట్ తలుపులు, రెండూ బయటికే తెరుచుకోవాలి. ప్రోగ్రాము జరుగుతుండగా ఏ తలుపుకూ తాళంగానీ గొలుసుగానీ ఉండకూడదు. టికెట్ లేనివాళ్లు వస్తారన్న భయముంటే మనిషిని పెట్టండి.

కరెంటు

స్టేజీ లైట్లకు, సౌండుకు వేర్వేరు సర్క్యూట్లు. సౌండు పరికరాలన్నీ ఒకే ఫేజు మీద, మంచి ఎర్తింగ్‌తో. కలిపేస్తే బాక్సుల్లో గుయ్‌మనే మోత జన్మలో పోదు. 150 వాట్ల ఎల్ఈడీ పార్లు (స్టేజీ లైట్లు) 16 అంటే 2.4 కిలోవాట్లు, సౌండు 3, ఫ్యాన్లు, మామూలు లైట్లు, మోటారు కలిపి 12 కిలోవాట్లలో సర్దుకోవచ్చు. హాలుకు ఏసీ పెడితే 12 టన్నుల దాకా పడుతుంది, ఇంకో 15 కిలోవాట్లు. అక్కడే లోడు రెట్టింపు దాటుతుంది. ప్రోగ్రాము లేని నెలలో కూడా తీసుకున్న లోడుకు ఫిక్స్‌డ్ చార్జీ కట్టాల్సిందే. నెలకు ఎన్ని రోజులు హాలు అద్దెకు పోతుందో రిజిస్టరు చూసి, ఆ డబ్బు ఈ చార్జీకి సరిపోతేనే ఏసీ. పైపులు మాత్రం ఇప్పుడే గోడలో వేసి ఉంచండి, తర్వాత గోడ పగలగొట్టడం ఖరీదు.

డబ్బు, కాగితాలు

స్థలం పత్రాలు సొసైటీ పేరునే ఉండాలి. వ్యక్తి పేరునో, నోటిమాట మీదో ఉంటే ఏ గ్రాంటూ రాదు. కేంద్ర సాంస్కృతిక శాఖకు కళాసంస్థల కట్టడాలకు సాయం చేసే పథకాలు ఉన్నాయి. పరిమితులు మారుతుంటాయి కాబట్టి తాజా నోటిఫికేషన్ చదివి దరఖాస్తు చేయండి. మీ వాటా ముందే చూపించాల్సి వస్తుందని గుర్తుంచుకోండి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో సంప్రదాయ కళల ప్రోత్సాహం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) పనుల్లో ఉంది. దానికి సంస్థకు సీఎస్ఆర్-1 నమోదు కావాలి. చిన్న దాతలకు ఆదాయపన్ను మినహాయింపుకు పనికొచ్చే రసీదు ఇవ్వగలిగితే విరాళం తేలిగ్గా వస్తుంది.

ఎస్టిమేటు మీద 12 నుంచి 15 శాతం అదనంగా పక్కన పెట్టండి. డబ్బు తక్కువైతే పెయింటు, ముఖద్వారం, శిలాఫలకం ఆపండి. నాట్యం నేల, వైరింగు, మరుగుదొడ్ల మీద కోత పెట్టొద్దు. దాతలు మాత్రం సరిగ్గా ముఖద్వారానికే ఇస్తామంటారు. వాళ్ల పేరు నాట్యం హాలు గుమ్మం మీద పెద్దగా చెక్కిస్తామని అడిగి చూడండి.

కాంట్రాక్టరుకు చివరి 5 శాతం మొదటి వానాకాలం దాటాకే ఇస్తామని ఒప్పందంలో రాయించండి. శ్లాబు చెమ్మ, కిటికీ సజ్జల కింద కారడం, చెక్క నేల ఉబ్బడం అన్నీ అప్పుడే బయటపడతాయి. గోడలు పూయకముందు కరెంటు పైపులు, నీళ్ల పైపులు ఎటు పోయాయో ప్రతి గోడనూ టేపు పట్టి ఫోటోలు తీయించండి. వాటిని ప్రింటు తీసి, లామినేట్ చేసి, మెయిన్ బోర్డు తలుపు లోపలివైపు తగిలించండి.